వంపు తీసి పంపు

మే 12

మా వడ్రంగిపిట్టకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వూ, నీ వర్క్‌షాపూ, అందులోని కుంటి కుర్చీలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను కులాసా. పొద్దున్నంతా జనం నోళ్ళు తెరిపించడం, సాయంత్రం నా పాత తుపాకీల నోళ్ళు కడగడం. "పళ్ళ డాక్టర్ని చేసుకున్నాననుకున్నాను, తీరా చూస్తే సిపాయి" అని మీ అత్తయ్య దెప్పుతూనే ఉంది.

నీకో పొడుగాటి పార్సిల్ వస్తుంది. కంగారుపడకు, అందులో ఉన్నది కర్ర ఒక్కటే. తుపాకీలో భుజానికి ఆనించుకునే భాగం. గొట్టాలూ ఇనుమూ పార్సిల్లో పంపకూడదు, అవి నా దగ్గరే ఉన్నాయి.

కథ ఏమిటంటే, ఒక ముసలి పశువుల డాక్టరు ఇల్లు ఖాళీ చేస్తూ, నా పిచ్చి తెలిసి కబురు పెట్టాడు. అటక మీద గోనెసంచిలో జోడు గొట్టాల తుపాకీ. సాలీళ్ళు కాపురం పెట్టాయి. లైసెన్సులిచ్చే ఆఫీసులో చెప్పి, తాత్కాలికంగా ఇంటికి తెచ్చుకున్నాను. గొట్టాలు విడదీసి, తాడుకి వేలాడదీసి, వేలితో మీటాను. రెండు గొట్టాల మధ్య అతుకు ఊడిపోయి ఉంటే పగిలిన కుండలా బొక్కుమంటుంది. ఇది ఖంగుమని మోగింది! మీ అత్తయ్య ఎవరో కాలింగ్ బెల్ కొట్టారనుకుని తలుపు తీసింది. పళ్ళ గార తీసే కొక్కెంతోనే తుప్పు గీకాను. అడుగున సన్నటి అలల గీతలు బయటపడ్డాయి. ఇనుప పట్టీలు మెలిపెట్టి చేసిన గొట్టాలన్నమాట.

ఇక అసలు సంగతి. కర్ర చివర కొమ్ముతో చేసిన పలక ఉంది. దాని మూల విరిగితే ఎవరో దువ్వెన ముక్క అరగదీసి అతికించారు. ఇంట్లో ఏది విరిగినా దువ్వెన ముక్కతో అతికించే మనిషి ఈ భూప్రపంచంలో నాకు తెలిసి ఒక్కడే. మా నాన్న. మీ తాతయ్య అడవిలో గార్డుగా చేశాడని తెలుసుగా? ఉద్యోగం అయిపోయాక తన జోడు గొట్టాల తుపాకీ ఎవరికో ఇచ్చేశాడు. నేనప్పటికి పసివాణ్ణి. ఆ చప్పుడుకి చెవులు మూసుకుని మంచం కింద దూరేవాణ్ణి కాబట్టి దాన్ని సరిగ్గా చూసిందీ లేదు. నవ్వకు.

నాకు మూడు తుపాకీలకే అనుమతి. మూడూ ఉన్నాయి. ఇది నాన్నదే అయితే, తొమ్మిదేళ్ళు కూర్చుని బాగుచేసుకున్న నా 'పిచ్చుక'ని, అదే, ఇనుము మీద పిచ్చుక చెక్కి ఉంటుందే, దాన్ని మ్యూజియానికి ఇచ్చేసి దీన్ని ఉంచుకుంటాను. నాన్నది కాకపోతే దీన్నే వదులుకుంటాను. నాన్న వస్తువంటూ మా దగ్గర ఒక్కటీ లేదే! ఊరికే ఆశపడి పిచ్చుకని పోగొట్టుకోలేను, తెలిసి తెలిసి నాన్న తుపాకీనీ వదల్లేను. జూన్ నెలాఖరుకి ఆఫీసులో చెప్పాలి.

తేల్చడానికి ఒక దారి ఉంది. నాన్నకి కట్టుడు పళ్ళు చేసినప్పటి దవడ అచ్చు నా బీరువాలో ఉంది. దానికీ కర్రకీ ఏం సంబంధమో తర్వాత చెబుతాను. నువ్వు మాత్రం అన్నిటికంటే ముందు వంపు తీసి పంపు. నాలాంటివాడికి చేతకాదు, చెక్క తెలిసినవాళ్ళ పని. పాలిష్ గీలిష్ ఆ తర్వాత.

మీ అమ్మకి చెప్పకు. నాన్న పేరెత్తితే అక్క ముఖం గంటుపెట్టుకుంటుంది. "ఆయనకి నువ్వే కనపడ్డావు, నేను కనపడలేదు" అంటుంది. అబద్ధమనలేను. ఎక్కడికెళ్ళినా నేను నాన్నకి ఎడమవైపు, అక్క కుడివైపు. ఆయన అటు తల తిప్పి అక్కని చూడటం నాకు గుర్తులేదు.

ఇట్లు,
జనం పళ్ళు ఊడగొట్టి బతుకుతున్న
మీ మామయ్య

మే 21

తుపాకీ మామయ్యకి,

నమస్కారాలు. అమ్మకి చెప్పకు అన్నావు. పార్సిల్ అందుకున్నదే అమ్మ! పైన కాగితం చించి, "ఏమిటే ఇది, పడవ తెడ్డా?" అంది. నాకు ఇంకేం తోచక "ఆఁ, తెడ్డే" అన్నాను. "ఈతైనా రాదు, వీడికి ఈ వయసులో పడవెందుకు?" అని అప్పటినుంచీ ఒకటే గొడవ. నువ్వే ఏదో ఒకటి చెప్పుకో.

నీ కర్ర ముందు నేను చేసిన కుర్చీలన్నీ దండగ. ఎంత పాతదైనా ఎంత గట్టిగా ఉందో! నీళ్ళలో తేలే పొగలాంటి చారలు. గుప్పిట పట్టే చోట చెక్కిన చిన్న చిన్న గళ్ళు సగం చెరిగిపోయాయి, పళ్ళు తోముకునే బ్రష్షుతో మట్టి తీశాను. (నీ మేనకోడల్నే కదా.) ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఒక పక్క పాత నూనె మెరుగు దిట్టంగా ఉంది, రెండో పక్క అరిగి చర్మంలా నున్నబడింది. ఎవరైనా దీనికి బుగ్గ ఆనించి నిద్రపోయేవారా?

నువ్వు అన్నిటికంటే ముందు చెయ్యమన్నది అన్నిటికంటే ముందే చేశాను. వంపు తీసేశాను. అంత తేలికేం కాలేదు. సన్నటి భాగానికి గుడ్డ చుట్టి, కాచిన అవిసె నూనె చెంచాతో పోస్తూ, క్లాంపులో పెట్టి చుట్టు చుట్టుకీ ఊపిరి బిగబట్టాను. చిట్లితే నీకు ముఖం ఎలా చూపించాలి? చిట్లలేదు. ఇప్పుడు రూళ్ళకర్ర ఆనించి చూస్తే వెంట్రుకంత సందు లేదు. ఇంత మంచి కర్ర ఎవరి అటక మీదో పక్కకి గుంజుకుపోయిందంటే బాధేసింది. మెచ్చుకుంటూ రాస్తావని ఎదురుచూస్తాను.

నీ
వడ్రంగిపిట్ట

మే 27

ఓసి నా వడ్రంగిపిట్టా!

ఎంత పని చేశావే! ఉత్తరం చదువుతుంటే నా చేతిలో ఉన్న ఇంజెక్షన్ చూసి కాదు, నా ముఖం చూసి పేషెంటు కుర్చీ దిగి వెళ్ళిపోయాడు.

వంపు తీసి పంపమంటే, కాగితం మీద గీసి, కొలత తీసి పంపమని! తీసెయ్యమని కాదు! అది చెడిపోయి వంగిన కర్ర కాదే. కావాలని వంచినది. ఇలాంటి తుపాకీలు చేసేవాళ్ళు మనిషిని ఎదురుగా నిలబెట్టి, చొక్కాకి కొలిచినట్టు కొలిచేవాళ్ళు. తుపాకీ భుజానికి పెట్టి బుగ్గ ఆనిస్తే కన్ను సరిగ్గా గొట్టాల మధ్యకి రావాలి కదా? ముఖానికి వెడల్పుంటుంది, అందుకని కర్రని కాస్త పక్కకి వంచుతారు. దవడ వెడల్పుని బట్టి వంపు. నాన్న దవడ అచ్చు పక్కన నీ గీత పెట్టి చూద్దామని నా ఎత్తు. నువ్వు సాక్షిని తీసుకెళ్ళి గొంతు నొక్కేశావు.

కోపం వచ్చింది, దాచను. మీ అత్తయ్య "రాసినవాడిది తప్పా, చదివినదానిది తప్పా?" అని అడిగింది. ఆవిడ ఎప్పుడూ నీ పక్షమే. సరే, ఒక్క సంగతైనా గుర్తుందా? ఆ వంపు ఎటువైపు ఉండేది, కుడికా ఎడమకా? ఎంత అన్నది పోయినా, ఎటు అన్నది మిగిలితే అదే పదివేలు.

నాకు పడవ లేదని అక్కకి చెప్పు.

మీ మామయ్య

జూన్ 3

మామయ్యా,

తప్పయిపోయింది. కాని సగమే ఒప్పుకుంటాను. నువ్వు పళ్ళ డాక్టరువి. "డాక్టరుగారూ, ఈ పన్ను తియ్యండి" అని ఎవరైనా వస్తే కాగితం మీద దాని బొమ్మ గీసి పంపిస్తున్నావా? అచ్చు తియ్యడం, పన్ను తియ్యడం రెండూ నీకు ఒకటే మాటైతే పేషెంట్ల సంగతి తలుచుకుంటే భయమేస్తోంది.

ఇంత అన్నాక కూర్చుని ఏడ్చాను, అది కూడా రాస్తున్నాను. తాతయ్యని నేను చూడలేదు. ఆయన కోసం చేసిన వంపు అయి ఉంటే, దాన్ని నా చేత్తోనే చెరిపేశాను.

క్లాంపులో పెట్టినప్పుడు ఎటు నొక్కానో బాగా గుర్తుంది. వంపు నాకు కుడివైపుకి ఉండేది.

నీకు పడవ లేదని అమ్మకి చెప్పాను. "మునిగిపోయిందా?" అంది.

నీ
అపరాధి

జూన్ 9

అపరాధికి శిక్ష రద్దు!

కుడివైపుకా! నీ నోట్లో పంచదార పొయ్య, అని ఒక పళ్ళ డాక్టరు అనకూడదు గానీ అనేస్తున్నాను. కుడికి వంగిందంటే తుపాకీ కుడి భుజానికి ఆనించే మనిషిది. నాన్న రాతా, గొడ్డలీ, గరిటా, ఆఖరికి నా వీపు మీద దెబ్బా, అన్నీ కుడిచేతే. ఎడమకి వంగి ఉంటే మాత్రం వేరే ఎవరిదో అని ఒక్క నిమిషంలో తేలిపోయేది. దువ్వెన ముక్క ఒక సాక్షి, ఇది రెండో సాక్షి. నిన్న పిచ్చుకని బయటికి తీసి, నూనె రాసి, పాత ఫ్లానెల్ గుడ్డలో చుట్టాను. బాధగానే ఉంది. తొమ్మిదేళ్ళ స్నేహం మరి.

ఒక్క చిన్న అనుమానం. కుడి అంటే ఎవరి కుడి? మా కుర్చీ దగ్గర కుడి అంటే ఎప్పుడూ పేషెంటు కుడే, నాది కాదు. తుపాకీకీ అంతే, పేల్చేవాడి కుడి. నువ్వు ఎటువైపు నుంచి చూశావు? నువ్వు రాశావే, బుగ్గ ఆనించి నిద్రపోయినట్టు అరిగిందని, అది నిజంగా బుగ్గ అరుగుదలే. కుడి భుజం మనిషైతే కర్రకి ఎడమ పక్క అరగాలి. చూసి రాయి.

మీ మామయ్య

జూన్ 15

మామయ్యా,

పిచ్చుకని గుడ్డలోంచి బయటికి తియ్యి.

నేను గొట్టాలు తగిలించే చివర నుంచి చూశాను. కుర్చీని ఎదురుగా నిలబడి చూసే అలవాటు. పేల్చేవాడి వైపు వచ్చి నిలబడితే వంపు ఎడమకి. అరిగింది కుడి పక్క. రెండుసార్లు తిప్పి చూశాను, మూడోసారి చూడటానికి మనసొప్పలేదు. ఇది ఎవరో ఎడమ భుజం మనిషిది. తాతయ్యది కాదు.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపలేకపోయాను, ఎందుకంటే అమ్మ వర్క్‌షాపులోకి వచ్చింది. నేను కర్ర ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాను. "తెడ్డు విరిగిందా?" అని అడిగింది. ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. అంతా చెప్పేశాను. నువ్వు తిడితే తిట్టు.

అమ్మ నిలబడే వింది. చివరికి "ఎడమకి వంగి ఉంది కాబట్టి మా నాన్నది కాదంటారా మీరిద్దరూ?" అంది. అవునన్నాను.

"మీ తలకాయలు. మా నాన్న తుపాకీ ఎడమ భుజానికే పెట్టేవాడు."

ఎలా తెలుసన్నాను. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఎలా తెలుసేమిటే, పక్కనే ఉండేదాన్నిగా, కుడివైపు! మీ మామయ్య మంచం కింద ఉండేవాడు. పొలాల మీద అడవి పందులు పడితే బెదరగొట్టడానికి నాన్న చెట్ల పైకి పేల్చేవాడు. ఎడమ బుగ్గ కర్రకి ఆనించేవాడు, కుడి కన్ను నావైపే తెరిచి ఉండేది. నేను నాలుక బయటపెట్టేదాన్ని. ముక్కు ఎగబీల్చేదాన్ని. కోతిలా గంతులేసేదాన్ని. ఆ కన్ను నా మీదే ఉండేది, ఒక్కసారి నవ్వలేదు. ఇంట్లో మీ మామయ్య ముక్కు చీదితే పకపకా నవ్వే మనిషి! ఆ కన్ను చచ్చేదాకా మర్చిపోను."

చెప్పి, కర్ర వంక చూడకుండానే వెళ్ళిపోయింది. కుడిచేత్తో అన్నీ చేసే మనిషి తుపాకీ ఒక్కటీ ఎడమ భుజానికి ఎందుకు పెడతాడు? నీకు తెలిస్తే చెప్పు.

నీ
వడ్రంగిపిట్ట

జూన్ 19

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. పేషెంట్ల కుర్చీలో. మీ అత్తయ్య మంచినీళ్ళు తెచ్చింది.

తుపాకీ పట్టేది చెయ్యి కాదే, కన్ను. ఎంత కుడిచేతి వాటం ఉన్నా, కుడి కన్ను పనిచెయ్యకపోతే ఎడమ భుజానికి మారాల్సిందే. నాకీ సంగతి ముప్ఫయ్యేళ్ళుగా తెలుసు, ఎంతమందికో చెప్పాను కూడా. మా ఇంట్లోనే ఉందని తెలీదు.

నాన్నకి కుడి కన్ను కనపడేది కాదు. అక్క వేసిన కోతి గంతులు ఆ కంటికి ఆనలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. కుడి కనుబొమ మీద మచ్చ, గుమ్మం తగిలిందనేవాడు. కుడివైపు పెట్టిన మంచినీళ్ళ గ్లాసు ఎప్పుడూ తన్నేసేవాడు. ఎవరైనా అటునుంచి పిలిస్తే తల కాదు, మనిషంతా తిరిగేవాడు. అదో పొగరనుకునేవాళ్ళం. గార్డుకి ఒక కన్ను లేదని పైవాళ్ళకి తెలిస్తే ఇంటికి పంపేస్తారు, అందుకే ఎవరికీ చెప్పి ఉండడు. ఆయన నోట్లో అన్ని గంటలు చూశాను, కాస్త పైకి చూసిన పాపాన పోలేదు.

ఇది నాన్న తుపాకే. ఇక నాకు అనుమానం లేదు. కాని వంపు లేని కర్ర నాన్నది ఎలా అవుతుంది? తిరిగి పెట్టాలి. ఎంత అని అడుగుతావు. బీరువాలోంచి నాన్న దవడ అచ్చు తీసి, పక్కన అక్క పళ్ళకి నేను తీసిన అచ్చు పెట్టి చూశాను. వెడల్పు ఒక్కటే! అక్కని నిలబెట్టి, ఆవిడ ఎడమ బుగ్గకి సరిపోయేట్టు వంచు. గొట్టాల బదులు తిన్నటి చెక్క బద్దె ఏదైనా బిగించు. అక్క ఎడమ కన్ను బద్దె మధ్యకి వచ్చేదాకా వంచు, అక్కడ ఆపు.

కన్ను సంగతి అక్కకి నువ్వే చెప్పాలి. నాకు ధైర్యం చాలదు. ఆయనకి నువ్వు ఇష్టం లేక కాదు, కనపడక అని చెప్పు.

మీ మామయ్య

జూన్ 24

మామయ్యా,

కర్ర ఇప్పుడు క్లాంపులో చల్లారుతోంది. చిట్లలేదు.

కన్ను సంగతి చెబితే అమ్మ ఊరట పడుతుందనుకున్నాం కదా, ఇద్దరం తప్పే. ముందు బిత్తరపోయింది, తర్వాత మండిపడింది. "కనపడని వైపని ఆయనకి తెలుసుగా? తెలిసీ నన్నే అటు నిలబెట్టాడు! తమ్ముణ్ణి కనపడే వైపు పెట్టుకున్నాడు. నేను ఎడమవైపుకి వస్తే చెయ్యి పట్టి మళ్ళీ అటే తోసేవాడు. అది ఇంకా అన్యాయం కాదూ?" అంది. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇవాళ పొద్దున తనే వచ్చి, "కానియ్, నా బుగ్గ కావాలన్నాడుగా మీ మామయ్య" అంది. బద్దె బిగించి చేతికిచ్చాను. ఎలా పట్టుకోవాలో చెప్పబోయేలోపే ఎడమ భుజానికి పెట్టి బుగ్గ ఆనించింది. నేను ఎదురుగా నిలబడి చూశాను, కన్ను పక్కకి పోతోంది. కర్ర తీసుకుని వేడి నూనె పోసి కొంచెం వంచి, మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ చూశాను, ఇంకాస్త. అలా ఎన్నిసార్లో. గళ్ళ చోట అమ్మ వేళ్ళు సరిగ్గా అరిగిన దగ్గరే పడుతున్నాయి. చివరికి కన్ను బద్దె నడిమధ్యకి వచ్చింది.

"ఆగు," అంది అమ్మ. కుడి కన్ను గట్టిగా మూసుకుంది. నేను క్లాంపు అందుకోవడానికి తన కుడివైపుకి వెళ్ళాను.

"ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నానమ్మా, నీ పక్కనే."

"కనపడట్లేదు." తలైనా తిప్పకుండా, "అటువైపు ఏముందో చెప్పు," అంది.

నాకు అర్థం కాలేదు. అయినా చెప్పాను. బల్ల ఉంది, జిగురు డబ్బా ఉంది, నీ మోకాలికి తగిలేట్టు ఒక స్టూలు ఉంది, అటు జరక్కు అన్నాను.

అమ్మ కర్ర కిందికి దించింది. అడవి దారిలో తాతయ్య రోజూ అదే మాట అడిగేవాడట. "అటువైపు ఏముందో చెప్పవే." అమ్మ చెబుతూ నడిచేదట. పుట్ట ఉంది నాన్నా, సైకిల్ వస్తోంది నాన్నా, గొయ్యి ఉంది ఇటు రా అని చెయ్యి పట్టి లాగేదట. తనవైపు చూడటం ఇష్టం లేక, ఊసుపోక అడుగుతున్నాడనుకుందట. నువ్వు ఎడమవైపు ఎందుకంటే, పసివాడివి, నిన్ను కనిపెట్టి ఉండాలి కాబట్టి. కుడివైపుకి మాత్రం అమ్మే కావాలి, ఇంకెవరూ పనికిరారు.

"ఇన్నాళ్ళూ నన్ను చూడలేదనుకున్నానే," అంది. "నాతోనే చూశాడే."

స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నూనె చల్లారిపోయింది, మళ్ళీ కాచాను. తర్వాత అమ్మ ముఖం కడుక్కుని వచ్చి, పిచ్చుకని మ్యూజియానికి ఇచ్చెయ్యమని నీకు రాయమంది. అడగమనలేదు, రాయమంది. కర్ర పార్సిల్లో వద్దట. నెలాఖరులోపు తనే తీసుకొస్తుందట, గొట్టాలు తగిలించేది కూడా తనేనట.

నీ
వడ్రంగిపిట్ట